ముందు ఆ చెయ్యి ఎందుకు కదిలిందో చెప్పు

విశాఖపట్నం

చిరంజీవి చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ కథ చదివాను. హార్బరు బాగా రాశావు. తెల్లవారుజామున జెట్టీ మీద వేలంపాట, ఐసు పెట్టెలు, బోటు దిగిన కళాసీల నిద్రమొహాలు, అన్నీ కళ్లకు కట్టాయి. వలలో చేపలతో పాటు ఇత్తడి పెట్టె రావడం కూడా బాగుంది. ఆ తర్వాత కుర్రాడు కాలు జారి దాని మీద పడతాడు, పెట్టె వెలుగుతుంది. అక్కడ ఆగిపోయాను. వాడు జారకపోతే కథే లేదు కదా! అంటే కథని నడిపింది జెట్టీ మీద ఒలికిన నీళ్లు. వాడు ఎవడైనా ఒకటే.

తెలియక ముట్టుకుంటే ఏదో మేలుకోవడమన్నది చాలా పాత పద్ధతి. పాతదని మానేయనక్కర్లేదు. ఒక్కటి చూసుకో. ఆ మనిషికి తెలియనిది వస్తువులో ఉన్న శక్తి ఒక్కటే అయి ఉండాలి. తన చెయ్యి ఎందుకు కదిలిందో తనకీ తెలియాలి, చదివేవాళ్లకీ తెలియాలి.

అల్లావుద్దీన్ కథ తీసుకో. 18వ శతాబ్దంలో గాలాండ్ అనే అనువాదకుడు ఫ్రెంచిలో అచ్చువేయించిన రూపంలో దీపాన్ని మొదట రుద్దింది అల్లావుద్దీన్ కాదు, వాళ్లమ్మ. ఇంట్లో తిండి లేదు. దీపం అమ్ముదామంటే మురికిగా ఉంది, తోమితే కాస్త ఎక్కువ ధర వస్తుందని తోమింది. భూతం ప్రత్యక్షమైంది, ఆవిడ స్పృహ తప్పింది. అంతకుముందు గుహలో కొడుకు ప్రార్థనకి చేతులు జోడించినప్పుడు ఉంగరం రాసుకుని ఇంకో భూతం వచ్చి ఉంది. అందుకే వాడు ఇప్పుడు బెదరలేదు, దీపం అందుకుని అన్నం అడిగాడు. ఆకలి, ప్రార్థన. రెండు చేతులూ కారణం ఉండే కదిలాయి. తల్లి స్పృహ తప్పడం, కొడుకు నిలబడడం కూడా ఊరికే పెట్టినవి కావు. మొదటిసారి పొరపాటున జరిగింది రెండోసారి ఎవరి చేతిలో తెలివిగా మారుతుందో ఆ మనిషే నీ కథానాయకుడు. నీ కుర్రాడికి ఆ రెండోసారి ఎక్కడుంది?

మన విక్రమార్క సింహాసనం ఇంకా గొప్పది. 15వ శతాబ్దంలోనే కొరవి గోపరాజు తెలుగులో పద్యాలుగా రాశాడు. చేను కాచుకునే ఆసామి మంచె ఎక్కితే దారినపోయేవాళ్లని పిలిచి కావలసినంత తినమంటాడు. మంచె దిగితే నా చేను పాడుచేస్తున్నారని గోల పెడతాడు. కాపలాకి ఎక్కడం, పనిమీద దిగడం, అంతకంటే వాడు చేసిందేమీ లేదు. మెరుపూ లేదు, ఉరుమూ లేదు. మనిషి గుణం మారడమే గుర్తు. రెండు మూడుసార్లు ఎక్కి దిగేసరికి మంచె కింద ఏదో ఉందని మనకి అనుమానం వస్తుంది, భోజరాజుకీ వస్తుంది, తవ్విస్తాడు, సింహాసనం బయటపడుతుంది. వస్తువుకి ఉన్న నియమాన్ని పాఠకుడు తనంతట తాను పట్టుకుంటే వచ్చే ఆనందం ఎంత వెలుగు వర్ణించినా రాదు. నాకు చేతనైతే ఈ ఒక్క పేజీ కొత్తగా రాసేవాళ్లందరి చేతా చదివిస్తాను.

కుంతి సంగతి వేరు. మంత్రం ఏం చేస్తుందో దూర్వాసుడు చెప్పే ఇచ్చాడు, ఆమె పరీక్షించింది. అది కుతూహలం కథ. దాన్నీ దీన్నీ కలపకు.

వీలు చూసుకుని ఒక సాయంత్రం బీచ్‌రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌కి వెళ్లు. 2002 నుంచి మ్యూజియంగా ఉంది, నువ్వు చిన్నప్పుడే చూసి ఉంటావు. ఈసారి యంత్రాలని వదిలేసి జనం చేతుల్ని చూడు. అన్ని చక్రాలు, మీటలు, డయళ్లు ఉన్న ఇరుకు దారిలో ఎవరు దేన్ని ముట్టుకోబోతారో, ఎవరు పిల్లల చెయ్యి వెనక్కి లాగుతారో, ఎవరు జేబులో చేతులు పెట్టుకుని నడుస్తారో రాసుకో. నీ కథలో ఉన్న నలుగురూ అక్కడ దొరుకుతారు.

ఇప్పుడు నీ పెట్టె. కథని వేట నిషేధంలోకి జరుపు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లు కట్టేసే ఉంటాయి. చేతిలో డబ్బాడదు, మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. ఎప్పుడో వలలో వచ్చి మూల పడేసిన పెట్టె తల్లి కంట పడుతుంది. పాత సామాన్ల కొట్టుకి వేస్తే నాలుగు డబ్బులొస్తాయి. గుల్లలు గీకి, చింతపండు పెట్టి తోముతుంది. చిలుము పోయేకొద్దీ మూత అంచు బయటపడుతుంది, గట్టిగా రుద్దేసరికి పైనున్న బొడిపె కాస్త తిరుగుతుంది. ఆ క్షణంలో పెద్దగా ఏమీ జరగనివ్వకు. చిన్న మార్పు చాలు, ఆవిడ దానికి ఇంకేదో కారణం అనుకోవాలి. కుర్రాడు మాత్రం గమనించాలి. మర్నాడు తల్లి లేనప్పుడు వాడు కావాలని బొడిపె తిప్పాలి. వాడి కష్టం అక్కణ్ణుంచి వాడిదే అవుతుంది.

చివర్లో పెట్టెని సముద్రంలోకి విసిరేసి కథ ముగించావు. అది నేను ఒప్పుకోను. యాదవులు ముసలాన్ని, అంటే తమ వంశాన్ని నాశనం చేస్తుందని శాపం ఉన్న ఇనప రోకలిని, అరగదీసి సముద్రంలో కలిపారు. పొడి ఒడ్డుకి కొట్టుకొచ్చి తుంగై మొలిచింది, వాళ్లు దానితోనే కొట్టుకుని చచ్చారు. మిగిలిన ముక్కని చేప మింగింది, ఆ చేప జాలరుల వలలో పడింది, ముక్క వేటగాడి బాణానికి ములుకైంది. నీ పెట్టె వచ్చిందే వలలో. జాలరిపేటలో పుట్టిన కుర్రాడు సముద్రంలో పారేస్తే పోతుందని ఎలా నమ్ముతాడు? వాడు దాన్ని ఏం చేస్తాడో నువ్వే తేల్చు. వాడు ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడతాడో తెలిస్తే అదే తెలుస్తుంది.

మొదటి రెండు పేజీలు అలాగే ఉంచు. మూడో పేజీ నుంచి మళ్లీ రాసి, దసరాకి వచ్చేటప్పుడు పట్టుకురా.

మీ పెద్దమ్మ