నక్క వెంట కుక్కలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: క్రిస్మస్ మర్నాడు మా పక్క ఊళ్లో ఎర్రకోట్లు వేసుకున్న రౌతులు ముప్పై నలభై కుక్కలతో బయల్దేరడం చూశాం. నక్కల వేట ఎప్పుడో నిషేధించారంటారు కదా, మరి ఇదేమిటి? మేమేమైనా చేయగలమా?
– ఒక పాఠకురాలు, లెస్టర్, ఇంగ్లండ్

జవాబు: నిషేధం ఉన్నమాట నిజమే. 2004 నాటి హంటింగ్ యాక్ట్ ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఫిబ్రవరి 18న అమల్లోకి వచ్చింది. స్కాట్లండ్ అంతకు ముందే 2002లో చట్టం చేసి, 2023లో దాన్ని ఇంకా బిగించింది. మీరు చూసినవాళ్లు తాము చేసేది ట్రెయిల్ హంటింగ్ (వేసిన వాసన జాడను వెంబడించడం) అని చెబుతారు. ముందుగా ఒకరు నక్క మూత్రం లాంటి వాసన పట్టించిన గుడ్డను నేల మీద ఈడ్చుకుంటూ వెళ్తారు, కాసేపటికి కుక్కలను ఆ జాడ మీదికి వదులుతారు. నిజంగా ఇంతే జరిగితే నేరం కాదు.

చిక్కంతా ఆ వాసనతోనే. నక్క వాసనకు అలవాటుపడిన కుక్క గుడ్డ జాడకూ అసలు నక్క జాడకూ తేడా చూడదు. పైగా జాడను నక్కలు పడుకునే గుబుర్ల గుండా వేస్తే అసలు నక్క లేవక మానదు. దీనికి ప్రత్యామ్నాయం ఎప్పటినుంచో ఉంది. డ్రాగ్ హంటింగ్‌లో సోంపు తైలం లాంటి వాసన వాడతారు, దారి ముందే నిర్ణయమై ఉంటుంది, కుక్కలకు నక్కను అసలు అలవాటు చేయరు. వాసన పట్టడంలో పేరున్న బ్లడ్‌హౌండ్ కుక్కలతో అయితే పరుగెత్తే మనిషి వాసననే వెంబడిస్తారు. గుర్రపు స్వారీ, కంచెలు దూకడం, కుక్కల పనితనం, ఏదీ తగ్గదు. అయినా నక్క వాసనే కావాలని పట్టుబట్టడాన్ని మేం సమర్థించలేం. చారిత్రక కట్టడాలను, భూములను సంరక్షించే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ 2021లో తన భూముల్లో ట్రెయిల్ హంటింగ్‌కు అనుమతులు ఆపేసింది. దాన్ని నిషేధిస్తామని లేబర్ పార్టీ 2024 ఎన్నికల ప్రణాళికలో హామీ ఇచ్చింది.

ఇక మీరు చేయగలిగింది. కుక్కలు నక్క వెంటపడినంత మాత్రాన కేసు నిలవదు, నడిపించేవాడు కావాలనే తరిమించాడని రుజువు కావాలి. నక్క కోసం పొదలు వెతకడం మాత్రమే వేట కిందికి రాదని 2009లో హైకోర్టు చెప్పింది. కాబట్టి వీడియో తీస్తే మధ్యలో ఆపకండి. నక్క, కుక్కలు, వాటిని నడిపించే హంట్స్‌మన్ ఒకే దృశ్యంలో పడేలా చూడండి. నక్క కనిపించాక అతను బూర ఊది కుక్కలను వెనక్కి పిలిచాడా, కేకలేసి ఉసిగొల్పాడా అన్నదే కీలకం, అందుకే శబ్దం కూడా ముఖ్యం. తేదీ, సమయం, చోటు రాసుకోండి. అసలు ఫైలును కత్తిరించకుండా దాచండి. ఒకరి పొలంలోకి దిగకుండా రోడ్డు మీద నుంచో, నడకదారి మీద నుంచో తీయండి. నేరం అప్పుడే జరుగుతుంటే పోలీసులకు 999కి, తర్వాతైతే 101కి ఫోన్ చేయండి. అభియోగానికి ఆరు నెలలే గడువు కనుక ఆలస్యం చేయకండి.

ప్రశ్న: కుక్కల నోటపడితే నక్క క్షణాల్లో చచ్చిపోతుంది. తుపాకీ గుండు సరిగా తగలకపోతే రోజుల తరబడి కుళ్లి చస్తుంది. రెండోదే కదా ఎక్కువ క్రూరం?
– ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: ఈ వాదనలో కొంత నిజం ఉంది. కుక్కలతో వేటపై బ్రిటన్ ప్రభుత్వం వేసిన లార్డ్ బర్న్స్ కమిటీ 2000లో ఇచ్చిన నివేదిక కూడా, పట్టుబడ్డాక నక్క సాధారణంగా సెకన్లలోనే స్పృహ తప్పి చనిపోతుందని అంది. కానీ మెడ మీద ఒక్క కాటుతోనే ప్రతిసారీ చావదనీ, కొన్నిసార్లు ఛాతీకి తగిలే తీవ్ర గాయాలతో చస్తుందనీ చెప్పింది. మొత్తం అనుభవం నక్క క్షేమాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుందని తేల్చింది.

చివరి కాటు దగ్గరే వాదులాడితే దానికి ముందు జరిగేది మరుగున పడుతుంది. ఈ వేటకుక్క జాతి ఫాక్స్‌హౌండ్‌ను పెంచింది దమ్ము కోసం. నక్క కొద్ది దూరం మెరుపులా పరుగెత్తగలదు, గంటసేపు పరుగెత్తే జంతువు కాదు. అది బొరియలోకి దూరకుండా వేటకు ముందే బొరియల నోళ్లు మూసేవారు. అయినా దూరితే టెర్రియర్ కుక్కను లోపలికి పంపి, దాని పట్టీలోని రేడియో సంకేతంతో చోటు కనిపెట్టి, తవ్వి తీసి కాల్చేవారు. చీకటి బొరియలో ఎటూ పారిపోలేని నక్కకూ, టెర్రియర్‌కూ జరిగే ఆ పోరు మాకు అన్నిటికన్నా దారుణంగా తోస్తుంది. శరదృతువులో కొత్త కుక్కలకు వేట నేర్పడానికి నక్కపిల్లలున్న తోపు చుట్టూ రౌతులు నిలబడి, అవి బయటికి రాకుండా జీనుల మీద చరిచేవారు. పారిపోయే అవకాశం ఇస్తున్నామనే మాటకు అక్కడ అర్థం లేదు.

తుపాకీ అయినా తప్పుగా వాడితే క్రూరమే. రాత్రి దీపంతో వెతికి, తగిన రైఫిల్‌తో, నిలబడి ఉన్న నక్కను, వెనక మట్టిగట్టు ఉన్నప్పుడే కాల్చాలి. అలా చేస్తే కుక్కల కన్నా బాధ తక్కువని బర్న్స్ నివేదికే అంది. దూరం నుంచి షాట్‌గన్‌తో కాలిస్తే గాయపడి పారిపోతుంది. ఇంగ్లండ్‌లో నక్కను కాల్చడానికి నిషిద్ధ కాలమంటూ లేదు. ఏప్రిల్‌లో తల్లిని కాలిస్తే బొరియలో పిల్లలు ఆకలితో చస్తాయి. వేట సమర్థకులు ఎత్తిచూపే ఈ లోపం నిజమైనదే.

ఇక చీడ నివారణ మాట. నక్కలు చంపే ఆరోగ్యమైన గొర్రెపిల్లలు రెండు శాతం లోపేనని బర్న్స్ లెక్క. 2001లో గాలికుంటు వ్యాధి వల్ల వేట దాదాపు ఏడాది ఆగిపోయింది. ఆ కాలంలో నక్కలు పెరిగిన జాడ లేదని 2002లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. కొండ ప్రాంతాల కాపరుల సంగతి కొంత వేరు. అక్కడ కుక్కలు లేకుండా నక్కను తుపాకీ ముందుకు తేవడం కష్టం, అందుకే చట్టం రెండు కుక్కల వరకు ఆ పనికి షరతులతో అనుమతిస్తోంది. కానీ 19వ శతాబ్దంలో వేట బృందాలు నక్కల కోసం గుబుర్లు నాటించాయి, కృత్రిమ బొరియలు కట్టించాయి, చాలకపోతే ఐరోపా నుంచి నక్కలను కొని తెచ్చి వదిలాయి. చీడ అనుకున్నదాన్ని ఎవరూ కొని తెచ్చుకోరు.

ప్రశ్న: మా మందలో పిల్లలను నక్కలు ఎత్తుకుపోతున్నాయి. ఊళ్లో వేటకుక్కలున్నవాళ్లు తరిమి చంపుతామంటున్నారు. పిలవమంటారా?
– ఒక గొర్రెల కాపరి, అనంతపురం జిల్లా

జవాబు: వద్దండీ. నక్క (ఇంగ్లిషులో జాకాల్), గుంటనక్క (ఇండియన్ ఫాక్స్) రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. ఈ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. కుక్కలతో వెంటాడటం, తోలడం, ఉచ్చు వేయడం, వీటిలో దేనికి ప్రయత్నించినా నేరమే. కుక్కలు వాళ్లవైనా పిలిచిన మీరూ ఇరుక్కుంటారు.

ముందు ఎత్తుకుపోతున్నది ఏదో చూసుకోండి. గుంటనక్క రెండు మూడు కిలోలు ఉంటుంది, తోక కొస నల్లగా ఉంటుంది. ఎక్కువగా ఎలుకలు, చెదలు, పురుగులు, రేగుపళ్లు తింటుంది. గొర్రెపిల్లను మోసుకుపోయిందంటే ఎనిమిది పది కిలోల నక్కో, చాలాసార్లు ఊరకుక్కల గుంపో అయ్యుంటుంది. ఈనిన గొర్రెలను, నెల లోపు పిల్లలను రాత్రి వేరే దొడ్డిలో పెట్టండి. కంపకంచె అడుగున సందులుంటే అక్కడే దూరుతుంది. సన్నకళ్ల వెల్డింగ్ జాలీని అడుగు లోతు పూడ్చి, అంచును బయటివైపు వంచితే తవ్వలేదు. మాయను, చచ్చిన పిల్లలను మంద దగ్గర పారేయకుండా లోతుగా పాతిపెట్టండి, ఆ వాసనకే మళ్లీ మళ్లీ వస్తాయి.

మీ కాపలా కుక్కలకు రేబిస్ టీకా ఏటా వేయించండి. నక్కతో పెనుగులాడి కుక్క గాయపడితే వట్టి చేతులతో ముట్టుకోకండి. మిమ్మల్ని ఏది కరిచినా సబ్బుతో, పారే నీటి కింద పావుగంట కడిగి, పసర్లు పూయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి.