ఈసీఈలో చేరుతున్న అమ్మాయికి ట్యాబ్ కొనాలా, ల్యాప్‌టాప్ కొనాలా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా బిడ్డకు ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో హనుమకొండలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) సీటు వచ్చింది. హాస్టల్‌లో ఉంచే స్తోమత లేదు కాబట్టి రోజూ బస్సులో వెళ్లి వస్తుంది. తెర మీద పెన్నుతో రాసుకునే ట్యాబ్ కొనిస్తే పుస్తకాలు, నోట్సు అన్నీ అందులోనే ఉంటాయని, మోయడం కూడా తేలికని అంటోంది. మా అన్న కొడుకేమో ల్యాప్‌టాప్ లేకుండా ఇంజినీరింగ్ నడవదంటున్నాడు. చేతిలో 45,000 రూపాయలున్నాయి. పత్తి అమ్మాక ఇంకో 10,000 కలపగలను. రెండూ కొనలేను. ఏది కొనమంటారు?
— ఒక తండ్రి, హనుమకొండ జిల్లా

సమాధానం: మీ అమ్మాయికి ల్యాప్‌టాప్ కొనండి. అయితే ఈ నెలలోనే కొనాల్సిన అవసరం లేదు. మీ అన్న గారి అబ్బాయి మాట సరైనదే కానీ, ఆయన చెప్పిన కారణం మాత్రం సరిపోదు. ఏ కోర్సుకైనా పరికరాన్ని ఎంచుకునే ముందు, ఆ కోర్సులో విద్యార్థి ఏమేమి చదవాలి అన్న ప్రశ్న కంటే, ఏమేమి స్వయంగా తయారు చేసి చూపించాలి అన్న ప్రశ్న వేసుకోవాలి. చదవడానికి ఏ తెరైనా పనికొస్తుంది, ఆఖరుకు చేతిలో ఉన్న ఫోనైనా సరే. తయారు చేయడానికి మాత్రం ఆ పనికి తగిన సాఫ్ట్‌వేర్ నడిచే యంత్రమే కావాలి. ఈసీఈలో ఆ రెండో రకం పని ఎక్కువ.

కళాశాలను బట్టి సిలబస్ కొంత మారినా ఈసీఈ నడక దాదాపు ఒకటే. మొదటి సంవత్సరంలో సీ భాషలో ప్రోగ్రామింగ్ ఉంటుంది, చాలాచోట్ల కంప్యూటర్ మీద గీసే ఇంజినీరింగ్ గ్రాఫిక్స్ కూడా ఉంటుంది. రెండో సంవత్సరం నుంచి సిగ్నల్స్ సబ్జెక్టుకు లెక్కలు చేసే మ్యాట్‌ల్యాబ్, సర్క్యూట్ పనితీరును తెర మీద పరీక్షించడానికి ఎల్‌టీస్పైస్ లేదా మల్టీసిమ్, డిజిటల్ డిజైన్‌లో వెరిలాగ్ అనే భాషలో రాసిన ప్రోగ్రాములు నడిపి చూడటానికి వివాడో, మైక్రోకంట్రోలర్లకు (పరికరాలను నడిపించే చిన్న చిప్‌లకు) ప్రోగ్రాములు రాయడానికి కైల్ మైక్రోవిజన్ వంటివి ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. వీటిలో కైల్ మైక్రోవిజన్ విండోస్ మీదే పనిచేస్తుంది, వివాడో విండోస్, లినక్స్‌ల మీద నడుస్తుంది. ఈ రెండింటినీ ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో గానీ ఐప్యాడ్‌లో గానీ ఇన్‌స్టాల్ చేసుకునే వీలే లేదు. ఇదే కారణంతో మ్యాక్‌బుక్‌ను, తక్కువ ధరకు కనిపించే, విండోస్ లేని క్రోమ్‌బుక్‌ను కూడా మీరు పక్కన పెట్టవచ్చు.

ట్యాబ్‌లోనూ మ్యాట్‌ల్యాబ్ యాప్ ఉంది కదా అని మీ అమ్మాయి అడగవచ్చు, ఆ మాట నిజమే. కానీ ఆ యాప్ లెక్కలను ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్ మీద చేయించి, ఫలితాన్ని ఇంటర్నెట్ ద్వారా తెచ్చి చూపిస్తుంది. బ్రౌజర్‌లో నడిచే మ్యాట్‌ల్యాబ్‌ను కూడా నెలకు 20 గంటల వరకు ఉచితంగా వాడుకోవచ్చు. ఇలాంటి సదుపాయాలన్నీ నెట్ నిలకడగా ఉన్నచోట బాగా ఉపయోగపడతాయి. వాన పడిన సాయంత్రం సిగ్నల్ పోయే ఊళ్లో, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడి, మర్నాడు చూపించాల్సిన ల్యాబ్ రికార్డు పూర్తి చేయడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు. సాఫ్ట్‌వేర్ సొంత యంత్రంలో ఉంటే నెట్ లేకపోయినా పని ఆగదు.

ఈ విషయంలో నేనూ ఒకసారి పొరపాటు చేశాను. 2020లో తరగతులు ఆన్‌లైన్‌కు మారినప్పుడు, ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) మొదటి సంవత్సరంలో చేరిన ఒక అబ్బాయికి ట్యాబ్ సరిపోతుందని సలహా ఇచ్చాను. ఆ ఏడాది అతను చేయాల్సిందల్లా పాఠాలు వినడం, పీడీఎఫ్‌లు చదవడం కాబట్టి నా మాట నిలబడింది. కళాశాల తెరిచి సిమ్యులేషన్ ల్యాబ్ మొదలయ్యాక అతను సాయంత్రాలు నయీంనగర్‌లోని ఒక నెట్ సెంటర్‌లో గంటల లెక్కన డబ్బు కట్టి కూర్చునేవాడు. అక్కడి కంప్యూటర్లలో కొత్త సాఫ్ట్‌వేర్ వేయనిచ్చేవారు కాదు కాబట్టి, చివరకు స్నేహితుల ల్యాప్‌టాప్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురుచూసేవాడు. మూడో సంవత్సరంలో వాళ్ల నాన్న మిత్తికి డబ్బు తెచ్చి ల్యాప్‌టాప్ కొన్నారు. ఆ ఇంటికి ఒకే పనికి రెండుసార్లు ఖర్చయిందంటే అందుకు కారణం నా సలహానే. అప్పటి నుంచి ఎవరు అడిగినా ముందు వాళ్ల సిలబస్ పుస్తకం తెమ్మంటున్నాను.

అలాగని మీ అమ్మాయి కోరికను కొట్టిపారేయకండి. ట్యాబ్ బరువు సుమారు అర కిలో, ఒకసారి చార్జింగ్ పెడితే చదువుకునే పనికి దాదాపు రోజంతా వస్తుంది, సర్క్యూట్ బొమ్మలు, సమీకరణాలు నిండిన ఈసీఈ నోట్సును కీబోర్డుతో కొట్టడం కంటే పెన్నుతో రాయడమే సులువు. అయితే సెమిస్టర్ పరీక్షలు నేటికీ జవాబు పత్రాల మీద మూడు గంటలు చేత్తో రాసేవే. అందుకు కావలసిన రాత అలవాటును మామూలు లాంగ్ నోట్‌బుక్ తక్కువ ఖర్చుతోనే నిలబెడుతుంది. ధర విషయానికి వస్తే, ట్యాబ్ ప్రకటనలో కనిపించే అంకె ఒక్కటే చూడకూడదు. కొన్ని కంపెనీలు పెన్నును పెట్టెలోనే ఇస్తాయి, ఆపిల్ పెన్సిల్‌ను మాత్రం విడిగా కొనాలి. దానికి కీబోర్డు, కవరు కూడా కలిపితే మొత్తం ఒక మోస్తరు ల్యాప్‌టాప్ ధరకు చేరుతుంది, అయినా కైల్ మాత్రం నడవదు. తెర మడిచి ట్యాబ్‌లా వాడుకునే ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి కానీ, అదే వేగం గల మామూలు ల్యాప్‌టాప్ కంటే వాటి ధర ఎక్కువ కాబట్టి మీ బడ్జెట్‌లో వాటి గురించి ఆలోచించకపోవడమే మంచిది.

బస్సు సంగతి మీరు రాయడం మంచిదైంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కావడంతో మీకు పాసు ఖర్చు తప్పింది. కాలేజీ వేళ ఆ బస్సుల్లో నిలబడటానికి చోటు దొరకడం కూడా కష్టమే. అలాంటి రద్దీలో ల్యాప్‌టాప్ బ్యాగు నలిగి తెర పగలడం నేను చాలాసార్లు విన్నాను. కానీ రోజూ ఇల్లు, కళాశాల మధ్య తిరిగే విద్యార్థికి ల్యాప్‌టాప్ రోజూ మోయాల్సిన పని లేదు. ల్యాబ్ గంటల్లో కళాశాల కంప్యూటర్లు ఉంటాయి కాబట్టి, సొంత యంత్రం ఎక్కువగా ఇంటి దగ్గర సాయంత్రం పనికే కావాలి. మినీ ప్రాజెక్టు చూపించాల్సిన రోజుల్లో మాత్రం మెత్తటి కవరులో పెట్టి, బ్యాగును వీపుకు కాకుండా ముందు వైపు వేసుకుని తీసుకెళ్తే చాలు.

ఇక ఎలాంటిది కొనాలి? ఇంటెల్ కోర్ ఐ5 లేదా ఏఎండీ రైజెన్ 5 స్థాయి ప్రాసెసర్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (సాఫ్ట్‌వేర్, ఫైళ్లు దాచే చోటు), 16 జీబీ ర్యామ్ (పని నడుస్తున్నప్పుడు వాడే మెమరీ) ఉంటే నాలుగేళ్లు ఇబ్బంది ఉండదు. వివాడో ఒక్కటే పదుల గిగాబైట్ల చోటు ఆక్రమిస్తుంది కాబట్టి 256 జీబీతో సరిపెట్టుకోవద్దు. 16 జీబీ ర్యామ్ మీ డబ్బుకు అందకపోతే 8 జీబీతో కొనండి. అయితే తర్వాత ర్యామ్ పెంచుకునే స్లాటు ఉందో లేదో దుకాణంలోనే అడిగి తెలుసుకోండి. కొన్ని పలుచటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, వాటిలో ఎప్పటికీ పెంచలేము. గేమింగ్ ల్యాప్‌టాప్ వద్దు, అది బరువు ఎక్కువ, బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, అందులోని గ్రాఫిక్స్ కార్డు ఈ కోర్సులో పెద్దగా అక్కరకు రాదు. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ హనుమకొండలోనో వరంగల్‌లోనో ఉందా అన్నది కూడా కనుక్కోండి, లేకపోతే చిన్న మరమ్మతుకు కూడా హైదరాబాద్ పంపి రోజుల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంది. ఎంఎస్ ఆఫీసు కోసం విడిగా డబ్బు కట్టే ముందు, కళాశాల ఇచ్చే ఈమెయిల్‌తో అది విద్యార్థులకు ఉచితంగా వస్తుందేమో కాలేజీలో అడిగించండి.

డబ్బు మిగులుతుందని పాత ల్యాప్‌టాప్ వైపు ఎవరైనా మళ్లిస్తే ఒక్క విషయం గుర్తుంచుకోండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి వచ్చిన ప్రాసెసర్లనే అధికారికంగా అంగీకరిస్తారు. ఆఫీసుల నుంచి బయటకు వచ్చి చవకగా అమ్ముడుపోయే యంత్రాల్లో ఆరో, ఏడో తరానివి చాలా ఉంటాయి. అవి చూడటానికి బాగానే ఉంటాయి, ఆన్ చేస్తే చక్కగా నడుస్తాయి కూడా, కానీ నాలుగేళ్ల చదువుకు వాటి మీద ఆధారపడలేము. ఎనిమిదో తరానిది గానీ ఆ తర్వాతిది గానీ దొరికితే, బ్యాటరీ రిపోర్టు తీసి చూపించమనండి. ఆ సదుపాయం విండోస్‌లోనే ఉంది, తయారైనప్పటి బ్యాటరీ సామర్థ్యం, ఇప్పుడు మిగిలిన సామర్థ్యం రెండూ అందులో కనిపిస్తాయి.

ఎప్పుడు కొనాలన్న విషయంలో నా సలహా మీకు కొంత ఊరటనిస్తుందనుకుంటున్నాను. మొదటి సెమిస్టర్‌లో సీ ప్రోగ్రాములు కళాశాల ల్యాబులోనే చేసుకోవచ్చు, ఇంటి దగ్గర కాగితం మీద రాసి ఫోన్‌లోని కంపైలర్‌లో సరిచూసుకోవచ్చు. అది సౌకర్యంగా ఉండదు, కానీ నాలుగైదు నెలలు నెట్టుకురావచ్చు. దసరా, దీపావళి నాటికి దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో ధరలు కొంత దిగుతాయి. పత్తి తీత మొదలై, ఎనుమాముల మార్కెట్లో అమ్మిన డబ్బు మీ చేతికి వచ్చే కాలం కూడా అదే. అప్పటిదాకా ఆగితే వాయిదాల అవసరం ఉండదు. వడ్డీ లేని వాయిదాలని రాసి ఉన్నా ప్రాసెసింగ్ రుసుము ఉంటుంది, ఒక వాయిదా తప్పితే జరిమానా పడుతుంది. పంట మీద బతికే ఇంటికి నెలనెలా ఒకే తేదీన కట్టాల్సిన అప్పు సరిపడదు. ఈలోగా మీ అమ్మాయి రెండో సంవత్సరం సీనియర్లను కలిసి, తమ కళాశాల ల్యాబుల్లో ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ వాడుతున్నారో రాసుకుని తెస్తే కొనేటప్పుడు మీకు తికమక ఉండదు.

ఇదే ప్రశ్న మరో కోర్సు గురించి అడిగి ఉంటే నా జవాబు మారేది. కాకతీయ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చేరే విద్యార్థికి పెద్ద పుస్తకాలు చదవడం, బొమ్మల మీద గుర్తులు పెట్టుకోవడమే ప్రధానం కాబట్టి ట్యాబే కొనమంటాను. డిగ్రీలో బీఏ చదివేవారికి కూడా ట్యాబ్ చాలు, నిజానికి మొదటి ఏడాది ఏదీ కొనకపోయినా నష్టం లేదు. బీకాం కంప్యూటర్స్ అయితే ట్యాలీ నేర్చుకోవాలి, అది విండోస్ మీద నడిచేది కాబట్టి చవకదైనా ల్యాప్‌టాపే కావాలి. సివిల్ ఇంజినీరింగ్‌లో కట్టడాల డిజైన్‌కు వాడే స్టాడ్ ప్రో, ఈట్యాబ్స్ వస్తాయి, అక్కడ కూడా ఇదే మాట.

ఈసీఈకి ల్యాప్‌టాప్ అని నేను గట్టిగా చెప్పడానికి ఇంకొక కారణం ఉంది. మూడో సంవత్సరం చివరి నుంచి ప్రాంగణ నియామకాల పరీక్షలు మొదలవుతాయి. ఇంటి నుంచి రాయించే పరీక్షల్లో చాలావాటికి కెమెరా ఉన్న కంప్యూటర్ తప్పనిసరి అంటారు, ఫోన్‌ను, ట్యాబ్‌ను అనుమతించరు. గంటన్నరలో ప్రోగ్రాము రాసి నడిపించాల్సినప్పుడు, ఏళ్ల తరబడి తాను వాడిన కీబోర్డు ముందు కూర్చోవడానికీ, ఆ రోజుకు అడిగి తెచ్చుకున్న యంత్రం ముందు కూర్చోవడానికీ చాలా తేడా ఉంటుంది.

మీ అమ్మాయి అడిగిన పెన్ను సంగతి కూడా చెప్పాలి. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ తీగతో కలిపి రాసుకునే పెన్ ప్యాడ్లు రెండు మూడు వేల రూపాయల నుంచే దొరుకుతాయి. ప్యాడ్ మీద రాస్తే అక్షరాలు ల్యాప్‌టాప్ తెర మీద కనిపిస్తాయి, చేయి ఒకచోట, చూపు ఒకచోట ఉంచడం అలవాటు కావడానికి వారం పది రోజులు పడుతుంది. పత్తి అమ్మాక కలుపుతానన్న 10,000 రూపాయలను మొత్తం ల్యాప్‌టాప్ ధరలోనే పెట్టేయకుండా, ఈ ప్యాడ్‌కు కొంత, అవసరమైతే ర్యామ్ పెంచడానికి కొంత, రెండో సంవత్సరంలో ప్రాజెక్టుకు కొనాల్సిన ఆర్డుయినో బోర్డు, సెన్సర్లు, బ్రెడ్‌బోర్డు వంటి చిల్లర సామానుకు కొంత విడిగా ఉంచండి. ఆ సామాను ఖర్చు చేరేటప్పుడు ఎవరూ చెప్పరు, తీరా సెమిస్టర్ మధ్యలో అడుగుతారు.