డెంగీ నెగటివ్ వచ్చినా జ్వరం తగ్గట్లేదు, ట్రావెల్ క్లినిక్‌లో ఇంకేం టెస్ట్ అడగాలి?
క్యూబా వెళ్లొచ్చాక జ్వరమంటే డెంగీ నెగటివ్‌తో వదిలేయకండి, ఒరోపూష్ వైరస్ గురించి అడగండి. 2024 జూన్, జూలైల్లో యూరప్‌లో తొలిసారి బయటపడ్డ 19 కేసుల్లో 18 మంది అక్కడి నుంచి తిరిగొచ్చినవాళ్లే. దోమ కన్నా చిన్నదైన ఓ కుట్టే పురుగు దీన్ని మోస్తుంది, లక్షణాలేమో అచ్చం డెంగీలాగే ఉంటాయి. చిక్కంతా టెస్టు దగ్గరే. చాలా క్లినిక్‌లలో దీనికి కిట్ ఉండదు, శాంపిల్‌ను రిఫరెన్స్ ల్యాబ్‌కు, అంటే ఇలాంటి అరుదైన టెస్టులు చేసే ప్రత్యేక ల్యాబ్‌కు పంపాలి, మొదటి వారంలోనే రక్తం తీస్తే ఆర్‌టీ-పీసీఆర్‌లో దొరికే అవకాశం ఎక్కువ, దాటితే యాంటీబాడీల మీదే ఆధారపడాలి. నన్నడిగితే, ఏ ల్యాబ్‌కు, ఏ ట్యూబులో, ఎంత చల్లగా పంపాలో రాసి గోడకు అంటించిన ఒక్క కాగితం ప్రతి క్లినిక్‌లో ఉండాలి, ఆ వివరాలు వెతుకుతూ ఉంటే విలువైన రోజులు పోతాయి. జ్వరం తగ్గి మళ్లీ తిరగబెడితే అదీ చెప్పండి. గర్భిణులైతే అసలు ఆలస్యం వద్దు.