గోడ కోసం పనసచెట్టు కొట్టాలా?

ప్రశ్న: అక్కగారూ, నాన్నగారు పోయాక తమ్ముడూ నేనూ ఇంటిస్థలం పంచుకున్నాం. హద్దు సరిగ్గా ఆయన నాటిన పనసచెట్టు మీదుగా వచ్చింది. ప్రహరీ కట్టాలంటే చెట్టు తీసెయ్యక తప్పదంటున్నారు. కలప అడితివాళ్లు వచ్చి మాను కొలుచుకుని వెళ్లారు కూడా. ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. మా అబ్బాయి ‘చెట్టే కదమ్మా, అంత టెన్షన్ ఎందుకు’ అంటున్నాడు. నాది చాదస్తమా?
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: చాదస్తం కానే కాదు చెల్లెమ్మా. మీ ఉత్తరం చదవగానే లేచి వెళ్లి నా వీణ మీద కప్పిన గుడ్డ తీసి చూసుకున్నాను. అదీ ఒకప్పుడు ఎవరి పెరట్లోనో కాయలు కాసిన పనసచెట్టే.

1979లో మా నాన్న నాకు వీణ చేయించడానికి బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లి తీసుకెళ్లారు. తరతరాలుగా వీణలు చేస్తున్న సర్వసిద్ధి వారి కుటుంబాలు ఉండే ఊరు అది. మేం వెళ్లేసరికి ఒక పెద్దాయన అరుగు మీద దుంగ పెట్టుకుని, వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వింటున్నారు. రెండడుగులు జరిపి మళ్లీ తట్టారు. ఆ తర్వాతే బాడిసె చేతిలోకి తీసుకున్నారు. దెబ్బ దెబ్బకీ లేచిపడుతున్న పేళ్లు పసుపు కొమ్ము విరిచినట్టు ఉన్నాయి. ఒకటి నా చేతికిచ్చి వాసన చూడమన్నారు. కొంచెం తీపి, కొంచెం వగరు. ఆ పేడు ఇప్పటికీ నా దగ్గర ఉంది. పసుపు రంగంతా పోయి వక్క రంగుకు తిరిగింది.

పనస కర్రే ఎందుకు తాతా అని అడిగాను. తేలిగ్గా ఉంటుంది, పురుగు పట్టదు, మీటితే ఖంగుమంటుంది అన్నారు. లేత చెట్టు పనికిరాదట. బాగా ముదిరి, చేవ తేలిన మాను కావాలి. బొబ్బిలి వీణకి కుండా (నాదం పలికే గుండ్రటి భాగం), దండీ (తీగలు సాగే పొడుగు భాగం) ఒకే దుంగలోంచి తొలుస్తారు, మధ్యలో అతుకు ఉండదు. అందుకే దాన్ని ఏకాండ వీణ అంటారు. ఆ దండి మీద మైనంలో 24 మెట్లు కూర్చి, ఏడు తీగలు బిగిస్తారు. పక్కన వాయించే మృదంగం కట్టె కూడా చాలావరకు పనసే. ఈమని శంకరశాస్త్రిగారు, చిట్టిబాబుగారు లాంటి వీణ విద్వాంసులు అంత నాదం పలికించింది ఇలాంటి పెరటి చెట్ల కర్ర మీదే కదా అని తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇక వంటింటి సంగతి. కోనసీమ ఆడపడుచుకి నేను చెప్పేదేముంది! పెళ్లిలో ఆవపెట్టిన పనసపొట్టు కూర లేకపోతే మగపెళ్లివారు మొహాలు చూసుకుంటారు. నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైనవి పొట్టిక్కలు. మా అమ్మ తెల్లవారకుండానే ముదురాకులు కోసి, నాలుగేసి ఆకుల్ని ఈనుపుల్లలతో గుచ్చి బుట్టలు కుట్టేది. వాటిలో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి పెడితే, ఆకు వాసన పిండికి పట్టి, విప్పగానే అంచుల మీద ఈనెల గీతలు కనబడేవి. స్టీలు ప్లేటులో ఇడ్లీకి ఆ రుచి రమ్మంటే ఎక్కడినుంచి వస్తుంది? మీ చెట్టు ఆకులతో ఒక ఆదివారం చేసి మీ అబ్బాయికి పెట్టండి. ‘చెట్టే కదా’ అన్న మాట అప్పుడు ఇంకోసారి అడగండి.

ఇప్పుడు గోడ మాట. కొట్టెయ్యడం తప్పనిసరి అని నాకు అనిపించడం లేదు. చెట్టుకి ఇటో మూడడుగులు, అటో మూడడుగులు వదిలి గోడ ఆపేయించండి. ఆ సందులో ఇనుప కంచె వేయించుకోవచ్చు. మాను లావెక్కుతుంది కాబట్టి ఆ జాగా ఎలాగూ కావాలి. కాయల్లో సగం మీకు, సగం తమ్ముడికి. ఇది మేస్త్రీతో కాదు, నేరుగా తమ్ముడితో కూర్చుని మాట్లాడండి. చెట్టు నాటినాయన అతనికీ నాన్నే కదా.

అంతకీ ఒప్పుకోకపోతే రెండు పనులు చేయండి. మొదటిది, నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం ఒకటుంది. చెట్టు మీద గొడ్డలి పడకముందే, అనుమతి విషయం అటవీ శాఖ ఆఫీసులో కనుక్కోండి. రెండోది, అడితికి మాత్రం ఇవ్వకండి. అక్కడికి వెళ్తే ఏ తలుపు చెక్కో అవుతుంది. వీణలు, మృదంగాలు చేసేవాళ్లకి కబురు పెట్టి మాను చూపించండి. ధర కాస్త తక్కువ వచ్చినా బాధపడకండి.

ఏది ఎలా తేలినా, ముందు అంటు కట్టించండి. గింజ నాటితే నాన్నగారి చెట్టు తొన రుచే వస్తుందని నమ్మకం లేదు, కాపుకి కూడా ఏళ్లు పడుతుంది. కడియం నర్సరీల్లో చెయ్యి తిరిగినవాళ్లున్నారు, మీకు దూరమేం కాదు. రెండు అంట్లు కట్టించండి, ఒకటి తమ్ముడి వాటాలో పెట్టడానికి. గోడ సంగతి ఏమైందో నాకు తప్పకుండా రాయండి.