మలక్కాను పట్టుకున్నవాళ్లకు ఆసియా వ్యాపారం దక్కిందా?

మీరు రెండు సంగతులు అడిగారు: 1511లో పోర్చుగీసువాళ్లు ఇప్పటి మలేషియాలో ఉన్న మలక్కా రేవును పట్టుకోగానే ఆసియా సముద్ర వ్యాపారమంతా వాళ్ల గుప్పిట్లోకి వెళ్లిపోయిందా, ఇప్పుడు అక్కడ చూడ్డానికి ఏమైనా మిగిలిందా అని. మొదటిదానికి నా జవాబు, లేదు. ఊరు దక్కింది, వ్యాపారం చేజారింది.

నేను మూడేళ్లు కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేశాను. అక్కణ్ణించి మలక్కా బస్సులో రెండు గంటలు. మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడి నదిని చూసి నవ్వొచ్చింది. మాది చీరాల దగ్గర పల్లె. మా కొమ్మమూరు కాలువకీ దీనికీ పెద్ద తేడా ఏముంది, దీనికోసమా ఇన్ని దేశాలు కొట్టుకున్నాయి అనుకున్నాను.

అసలు సంగతి నదిలో లేదు, గాలిలో ఉంది. చలికాలంలో ఈశాన్య గాలి చైనా ఓడల్ని అక్కడికి తెస్తుంది. అదే గాలి మీద గుజరాత్ ఓడలు ఇంటిముఖం పడతాయి. నైరుతి గాలి తిరిగాక పడమటి ఓడలు వస్తాయి, చైనా ఓడలు వెనక్కి వెళ్తాయి. రెండు వైపులవాళ్లూ గాలి మారేదాకా ఎక్కడో ఒకచోట నెలల తరబడి కూర్చోవాలి. ఆ కూర్చునే చోటు మలక్కా. 1400 ప్రాంతంలో పరమేశ్వర అనే పాలెంబాంగ్ రాజవంశీకుడు సింగపూర్ నుంచి తరిమితే వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. ఇరుగుపొరుగున ఉన్న సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) కన్ను పడకుండా చైనా చక్రవర్తి అండ సంపాదించాడు. చైనా నౌకాధిపతి జెంగ్ హ నౌకాదళం వస్తూపోతూ ఆగింది కూడా అక్కడే.

గాలి ఒక్కటే చాలదు, అదే గాలి మలక్కా జలసంధిలో ఉన్న మిగతా రేవులకూ ఉంది. మలక్కా సుల్తానులు చేసిన తెలివైన పని, వర్తకులకు నలుగురు షాబందర్లను, అంటే రేవు అధికారులను పెట్టడం. గుజరాతీలకు ఒకరు, కోరమాండల్ (మన తూర్పుతీరం), బెంగాల్, పెగూ (బర్మా) వాళ్లకు ఒకరు, జావా, మలుకు వైపు దీవులవాళ్లకు ఒకరు, చైనావాళ్లకూ వాళ్ల చుట్టుపక్కలవాళ్లకూ ఒకరు. (షాబందర్‌లో ఉన్న 'బందర్' మన మచిలీపట్నం బందరే. పారశీకంలో రేవు అని అర్థం.) ఓడ దిగగానే మీ భాష తెలిసినవాడు ఎదురొస్తాడు, గిడ్డంగి చూపిస్తాడు, తగువు వస్తే తీరుస్తాడు. పడమటి నుంచి వచ్చిన సరుకు మీద సుంకం నూటికి ఆరు. తూర్పు నుంచి వచ్చినవాళ్లకు సుంకమే లేదు, కానుకలు ఇస్తే చాలు. 1512 నుంచి మూడేళ్లు అక్కడున్న తోమే పిరెష్ అనే పోర్చుగీసు మందుల నిపుణుడు ఆ రేవులో 84 భాషలు వినిపిస్తాయని రాశాడు.

ఇది చదువుతుంటే నాకు మా మోటుపల్లి గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాన్న తీసుకెళ్లి శాసనస్తంభం చూపించారు. అప్పుడు నా ధ్యాసంతా తిరిగొచ్చేటప్పుడు కొనిపెడతానన్న తేగల మీద ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయశాసనం అది. పూర్వపు రాజులు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఏమున్నా లాక్కునేవారనీ, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టననీ అందులో చెప్పాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైలో ఒక వంతు. మలక్కా పుట్టడానికి నూటయాభై ఏళ్ల ముందు మాట ఇది. రేవు నడిపేవాడికి కావలసినదేమిటో ఆయనకు తెలుసు.

సరే, 1511కి వద్దాం. పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ సుమారు పన్నెండు వందల మందితో వచ్చి గెలిచాడంటే ఒక్క ఫిరంగుల వల్లే కాదు. ఊళ్లోనే చీలికలున్నాయి. అంతకు ఏడాది ముందే సుల్తాన్ మహమూద్ తన ప్రధాని బెండహారా తున్ ముతాహిర్‌ను చంపించాడు. ఇంకోపక్క వర్తకుల్లో కొందరు కొత్తవాళ్లతో చేతులు కలిపారు. వాళ్లలో నినచట్టు కథ నన్ను వదల్లేదు. కోరమాండల్ నుంచి వచ్చిన హిందూ వర్తకుడు. 1509లో వచ్చిన మొదటి పోర్చుగీసు ఓడలవాళ్లు కొందరు అక్కడ బందీలుగా చిక్కుకుపోతే వాళ్లను కనిపెట్టుకున్నాడు. ఊరు చేతులు మారాక దానికి బదులుగా ఆయనను ముస్లిమేతరులకు బెండహారాను చేశారు. మూడేళ్లు తిరగకుండానే, 1514లో, ఆ పదవి తీసి సుమత్రాలోని కంపార్ రాజుకు ఇచ్చారు. నినచట్టు ఆ అవమానం భరించలేక చితి పేర్పించుకుని అందులో దూకాడు. కొత్త దొరల్ని నమ్ముకున్న మొదటి పెద్ద వర్తకుడికి దక్కింది అదీ.

అలాంటి వర్తకుల్ని మలయాలో కెలింగ్‌లు అనేవారు. మన కళింగ నుంచి వచ్చిన మాటే అది. తమిళుడా తెలుగువాడా అని చూడలేదు, తూర్పుతీరం నుంచి వస్తే కెలింగే. ఆఫీసులో నా పక్కసీటు మలేషియా తెలుగాయన, వాళ్ల ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటలకు వచ్చాడట. నేను ఉత్సాహంగా ఆ మాట ఎత్తితే, "తమ్ముడూ, ఇక్కడ గట్టిగా అనకు, తిట్టు కింద లెక్క" అన్నారు.

మలక్కాకు ఎవడు యజమానో వాడి చెయ్యి వెనిస్ గొంతు మీద ఉన్నట్టేనని కూడా పిరెష్ రాశాడు. మిరియాలు, జాజికాయ, లవంగం యూరప్‌కు చేరేది చాలావరకు వెనిస్ మీదుగానే కాబట్టి ఆ లెక్క. అది తప్పింది. ముస్లిం వర్తకులు మలక్కా వదిలి సుమత్రా కొనన ఉన్న అచేకు మారారు. కొందరు జోహోర్, బాంతెన్ రేవులకు వెళ్లిపోయారు. అచే మిరియాలు పోర్చుగీసువాళ్ల కన్నుగప్పి ఎర్రసముద్రానికి పోయాయి, పదహారో శతాబ్దం నడిమికి వెనిస్‌లో మళ్లీ దండిగా దిగాయి. పోర్చుగీసువాళ్లు కర్తాజ్ అనే అనుమతి చీటీ లేని ఓడల్ని పట్టుకునేవారు, వచ్చిన ఓడల్ని మలక్కాలో ఆగమని బలవంతపెట్టేవారు. పట్టు బిగించినకొద్దీ వచ్చేవాళ్లు తగ్గారు. పైగా అచే సైన్యం మాటిమాటికీ మీదికొచ్చేది. 1641 జనవరిలో డచ్చివాళ్లు జోహోర్ సాయంతో ముట్టడించి ఊరు తీసుకున్నారు. తీసుకుని కూడా వ్యాపార కేంద్రాన్ని బటావియాలోనే, అంటే ఇప్పటి జకార్తాలోనే ఉంచుకున్నారు. మలక్కా వాళ్లకు కాపలా చౌకీ అంతే.

ఇక మిగిలింది ఏమిటంటే, అల్బుకెర్క్ కట్టించిన కోటలో ఒక్క ద్వారం. 1807లో ఇంగ్లీషువాళ్లు మిగతా కోటంతా పడగొట్టారు. మిగిలిన ఆ ద్వారం పైన రాతిలో 'ఆనో 1670' (1670వ సంవత్సరం) అనీ, డచ్చి కంపెనీ గుర్తూ చెక్కి ఉంటాయి, పోర్చుగీసు కోటకు డచ్చివాళ్లు మరమ్మతు చేయించినప్పటివి. ఒకప్పుడు అలలు తగిలే చోటు. ఇప్పుడు సముద్రం పూడ్చేశారు, ఎదురుగా షాపింగ్ మాల్. మీరు వెళితే అక్కడ ఫొటో దిగి, నది దాటి తుకాంగ్ ఎమాస్ వీధికి నడవండి. కంసాలివీధి అని అర్థం. వినాయకుడి గుడి, కెలింగ్ మసీదు, కాస్త ముందుకెళ్తే చైనావాళ్ల చెంగ్ హూన్ తెంగ్ గుడి, అన్నీ కూతవేటు దూరంలో ఉంటాయి. మసీదు మినారు చైనా పగోడాలా ఉంటుంది, లోపల స్తంభాలు యూరప్ తరహావి. మధ్యాహ్నం మాత్రం వెళ్లకండి, ఎండకు మాడిపోతారు.