టాక్టైల్ గ్రాఫిక్స్ కెరీర్‌గా పనికొస్తుందా?

ప్రశ్న: డిజైన్ డిగ్రీ లాస్ట్ ఇయర్‌లో ఉన్నానండీ. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు ఇలస్ట్రేటర్, ఇంక్‌స్కేప్ బాగానే వచ్చు. చూపు లేని పిల్లల పుస్తకాలకి తడిమి తెలుసుకునే బొమ్మలు, అంటే టాక్టైల్ గ్రాఫిక్స్, కంప్యూటర్‌లో తయారుచేసే పని ఉంటుందని విన్నాను. దాన్ని కెరీర్‌గా తీసుకోవచ్చా? ఏం నేర్చుకోవాలి?

జవాబు: తీసుకోవచ్చమ్మా, చాలా మంచి పని, మనుషులు తక్కువున్న పని. కాకపోతే సాఫ్ట్‌వేర్ వచ్చేసింది కదా, సగం అయిపోయినట్టే అనుకోకు. ఇందులో గీయడం చిన్న భాగమే, బొమ్మలోంచి ఏది తీసెయ్యాలో తెలియడమే అసలు పని. కన్ను ఒక్క చూపులో బొమ్మంతా పట్టేస్తుంది, వేలికి అలా కుదరదు, ముక్క ముక్కగా తడుముకుంటూ వెళ్లి మొత్తం మనసులో పేర్చుకోవాలి. అందుకే పుస్తకంలో బొమ్మని స్కాన్ చేసి, సాఫ్ట్‌వేర్ దానంతటదే గీతలు తీసే ఆటో ట్రేస్ కొట్టి, అదే ఉబ్బెత్తుగా ప్రింట్ తీస్తే చేతికి గజిబిజి తప్ప ఏమీ తగలదు.

ఎక్స్ స్క్వేర్ గ్రాఫే తీసుకో. స్క్రీన్ మీద గ్రిడ్, యాక్సిస్, కర్వ్ మూడూ రంగుల్లో విడివిడిగా కనిపిస్తాయి, వేలికి రంగు తెలీదు కదా, కాబట్టి గ్రిడ్ బాగా సన్నగా, యాక్సిస్ కొంచెం గట్టిగా, కర్వ్ అన్నిటికంటే ఎత్తుగా తగిలేలా చెయ్యాలి, కర్వ్‌కి అటూ ఇటూ గ్రిడ్ గీతని కాస్త ఆపెయ్యాలి, లేకపోతే వేలు కర్వ్ వదిలేసి గ్రిడ్ వెంట పోతుంది. గీతకీ లేబుల్‌కీ మధ్య సుమారు 3 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. ఇక కొత్తవాళ్లందరూ ఇరుక్కునేది లేబుల్స్ దగ్గరే. బ్రెయిలీని ఫాంట్ సైజు తగ్గించినట్టు తగ్గించడానికి లేదు, సెల్‌లో, అంటే ఒక్కో అక్షరం పట్టే చుక్కల గడిలో, చుక్కకీ చుక్కకీ దాదాపు 2.5 మిల్లీమీటర్లు ఉండాల్సిందే. పెద్ద పేర్లు పట్టవు. అప్పుడు బొమ్మలో రెండక్షరాల గుర్తు పెట్టి, దాని వివరం వేరే పేజీలో కీ లాగా ఇస్తారు.

పరీక్ష పేపర్లయితే ఇంకా జాగ్రత్త. 40 డిగ్రీల కోణం కచ్చితంగా 40 డిగ్రీలే ఉండాలి, వీలుగా ఉందని సర్దకూడదు, సింప్లిఫై చేస్తూ చేస్తూ అసలు అడుగుతున్న విషయాన్నే తీసెయ్యకూడదు, అలాగని లేబుల్‌తో జవాబూ చెప్పెయ్యకూడదు. అంటే సబ్జెక్ట్ కూడా నీకు అర్థమవ్వాలన్నమాట.

మెషిన్ల గురించి కూడా తెలుసుకో, ఎందుకంటే నువ్వు గీసి సేవ్ చేసిన ఒకే ఎస్‌వీజీ (గీతల బొమ్మ) ఫైల్ అన్నిటికీ పనికిరాదు. వేడికి ఉబ్బే స్వెల్ పేపర్ మీద నల్లగా ప్రింట్ చేసి హీటర్‌లోంచి పంపితే నలుపు వేడిని పీల్చుకుని ఆ గీతలు ఉబ్బుతాయి, గ్రే షేడ్ సరిగ్గా లేవదు, కాబట్టి షేడ్ బదులు చుక్కల ప్యాటర్న్ వేసుకోవాలి. ఎంబాసర్ అనే ప్రింటర్ కాగితం మీద ఉబ్బెత్తు చుక్కలు గుద్దుతుంది. వ్యూప్లస్ వాళ్ల టైగర్ ఎంబాసర్లు అంగుళానికి 20 చుక్కలు, అదీ రకరకాల ఎత్తుల్లో వేస్తాయి, ఆ కంపెనీ పెట్టిన జాన్ గార్డ్‌నర్ ఫిజిక్స్ ప్రొఫెసర్, 1988లో చూపు పోయాక తన సైన్స్ గ్రాఫులు తనే చదువుకోవాలని ఈ దారి పట్టాడాయన. ఇప్పుడు మోనార్క్ లాంటి డిస్‌ప్లేలూ వచ్చాయి, పిన్నులు లేచి దిగుతూ బొమ్మ చూపిస్తాయి, అడ్డంగా 96, నిలువుగా 40 పిన్నులు, అంతే. నీ ఇలస్ట్రేటర్‌లోని నున్నటి వంపు అక్కడ మెట్లు మెట్లుగా వస్తుంది, దానికి తగ్గట్టు మళ్లీ గీయాలి.

నేర్చుకోవడం అంటావా, ముందు బ్రెయిలీ. వేలితో కాకపోయినా కంటితోనైనా తడబడకుండా చదవగలగాలి, లెక్కల గుర్తులు రాసే బ్రెయిలీ మ్యాథ్స్ కోడ్ కూడా. తర్వాత నార్త్ అమెరికా బ్రెయిలీ అథారిటీ వాళ్ల టాక్టైల్ గ్రాఫిక్స్ గైడ్‌లైన్స్, 2022 ఎడిషన్, ఓపిగ్గా మొత్తం చదువు. ఇంక్‌స్కేప్ నీకు ఎలాగూ వచ్చు, టాక్టైల్‌వ్యూ లాంటి ఈ పనికే ఉన్న సాఫ్ట్‌వేర్లు ఆ తర్వాత పట్టుబడిపోతాయి.

అన్నిటికంటే ముఖ్యం, బ్రెయిలీ బాగా చదివే చూపులేని వాళ్లతో ప్రతి బొమ్మా చెక్ చేయించు, వాళ్ల టైమ్‌కి డబ్బు ఇచ్చి మరీ. కళ్లు మూసుకుని నేనే చూసుకుంటాలే అనుకుంటే కుదరదు, ఆ బొమ్మ నీకు ముందే తెలుసు కదా, వేలికి తగలనిది కూడా నీ మనసు పూరించేస్తుంది.

ఉద్యోగాల సంగతి నిజం చెప్తున్నా, కేవలం ఇదొక్కటే చేసే పోస్టులు తక్కువ. టెక్స్ట్‌బుక్ ప్రొడక్షన్, ఎగ్జామ్ బోర్డులు, యూనివర్సిటీల డిసెబిలిటీ ఆఫీసులు, మ్యూజియంలు, మ్యాపులు, ఎక్కువగా ఇక్కడే ఉంటుంది పని, చాలా వరకు కాంట్రాక్ట్ మీద. కాబట్టి బ్రెయిలీ ట్రాన్స్‌క్రిప్షన్, ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మని మాటల్లో వివరించడం) రాయడం, యాక్సెసిబుల్ ఈపబ్ (చూపులేని వాళ్లూ చదువుకోగల ఈ-బుక్) కూడా చేతిలో ఉంచుకో, అప్పుడు నిలదొక్కుకుంటావు. ఈ ఏడాది ప్రాజెక్టుకి ఒక స్కూల్ సైన్స్ పాఠం బొమ్మలన్నీ తీసుకుని చెయ్యి, పోర్ట్‌ఫోలియోలో ఒరిజినల్ బొమ్మ, నువ్వు చేసింది, చదివినవాళ్లు ఎక్కడ ఆగారు, నువ్వు ఏం మార్చావు, ఇవన్నీ పక్కపక్కనే పెట్టు. నేను ఎవరినైనా తీసుకోవాల్సి వస్తే ముందు ఆ మార్పుల పేజీనే చూస్తా.