మనసు బాగోలేని రోజూ గుడ్డ పరుచుకో

తల్లీ,

ఉద్యోగం మానేసి తిరుపతిలో గది తీసుకున్నావనీ, పొద్దున్నే ధ్యానం, ఆ తర్వాత బొమ్మలు, ఇక అదే నీ పని అనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మనింటి కలంకారీ కలం నీ చేతికి వచ్చిందని గర్వంగా ఉంది. ఒక్కదానివే ఉంటావంటే మాత్రం నాకు నిద్ర పట్టడం లేదు.

ఏడాది అద్దె పక్కన పెట్టుకో. వేళకు తిను. ఉపవాసాలు వద్దు.

మీ పెదనాన్న సంగతి నీకెవరూ సరిగ్గా చెప్పలేదు. శ్రీకాళహస్తిలో మా అన్నకున్నంత పనితనం తక్కువమందికి ఉండేది. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద, బెల్లమూ ఇనుప తుప్పూ ఊరిన నీళ్లతో గీత లాగితే, మొదట వెలవెలబోతూ కనబడి, చూస్తుండగానే నల్లబడుతుంది. ఇక చెరపలేం. కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో అదుముతూ రంగు వదలాలి. చెయ్యి తొందరపడిందా, చుక్క పడి పాకుతుంది. అన్న ఊపిరి నెమ్మదిగా వదులుతూ గీసేవాడు. అదే ధ్యానమనుకుని ఊరుకుంటే ఎంత బాగుండేది! ఎవరి మాట విన్నాడో, మనసు నిలిచాకే కలం ముట్టాలని పట్టుపట్టాడు. మనసు చెదిరిన రోజు వేసినవన్నీ అబద్ధాలని చించేసేవాడు. రానురాను ముట్టడమే మానేశాడు. కుండలో రంగు ఎండిపోయింది. తలుపేసుకుని కూర్చుంటే వదిన కంచం గడప దగ్గర పెట్టి వెళ్లేది.

ఆయన కంట పడకుండా నేను దాచిన గుడ్డ ఒకటుంది. బిడ్డకు జ్వరం తగిలిన వారంలో వేసిన చెట్టు. కొమ్మల దగ్గర గీత వణికింది, ఒకచోట రెండుసార్లు పడింది. ఆయన వేసినవాటిలో ప్రాణమున్నది నాకు అందులోనే కనబడుతుంది.

అందుకని ఏ రోజు వేసిందీ చించకు. వెనక తేదీ రాసి పెట్టు, ఆర్నెల్లు పోయాక తీసి చూడు. చిత్రకారుడు రజా గారికి చిన్నప్పుడు బళ్లో మాస్టారు గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూడమన్నారట. ఆయన 1950లో ఫ్రాన్స్ వెళ్లి ఊళ్లూ ఇళ్లూ వేస్తూనే ఉన్నారు. బిందువు ఆయన బొమ్మల నడిమికి వచ్చేసరికి పాతికేళ్లు దాటింది. నీకేమిటే అంత తొందర? ధ్యానంలో ఏం కనబడిందని ఎవరైనా అడిగితే, కనబడనిది కనబడిందని చెప్పకు.

ఆదివారం కాళహస్తికి రా, బస్సెక్కితే గంట. రెండు రోజులు నీ ఫోన్ రాకపోతే మూడోనాడు నీ గుమ్మంలో ఉంటాను. అప్పుడు కోప్పడకు.

మీ అత్త